ఫోల్డరు బొమ్మతో ఉన్న ఫైలును యాంటీవైరస్ వదిలేసింది, రోజూ వాడే ప్రోగ్రామును పట్టుకుంది: దేన్ని నమ్మాలి?

ప్రశ్న: ఏడురోడ్ల డీటీపీ, కడప

అందరికీ నమస్కారం. కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో పదకొండేళ్లుగా చిన్న డి.టి.పి., జిరాక్సు అంగడి నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, విద్యార్థుల ప్రాజెక్టు రికార్డులు మా పని కాబట్టి, రోజుకు ఇరవైకి తగ్గకుండా వేరేవాళ్ల పెన్‌డ్రైవులు మా కంప్యూటర్లలో పెట్టవలసి వస్తుంది. అంగట్లో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. పాతదానిలో విండోస్ 7 ఉంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము దానిలోనే కుదురుగా నడుస్తుందని దాన్ని వదలలేకపోతున్నాను. దానిలో వేయించిన యాంటీవైరస్ గడువు తీరి రెండేళ్లు దాటింది. కొత్తదానిలో విండోస్ 11, దానితోపాటు వచ్చిన డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉన్నాయి.

పోయిన శుక్రవారం ఒక పెద్దాయన కూతురి పెళ్లి పత్రిక కోసం పెన్‌డ్రైవు తెచ్చారు. పాత కంప్యూటరులో పెట్టి, ‘పెళ్లి’ అనే పసుపుపచ్చ ఫోల్డరు మీద రెండుసార్లు నొక్కాను. నల్లటి విండో ఒకటి రెప్పపాటు మెరిసి మాయమైంది. ఆ వెంటనే ఫోల్డరు మామూలుగానే తెరుచుకుని ఫొటోలు, పాత పత్రిక నమూనా అన్నీ కనిపించాయి. పని ముగించి ఆయనను పంపించాను. మరునాడు నా సొంత పెన్‌డ్రైవు అదే కంప్యూటరులో పెట్టి, ఫైళ్లను డీటెయిల్స్ పద్ధతిలో చూస్తుంటే, ప్రతి ఫోల్డరుకూ ఎదురుగా సైజు గడిలో ఒకే అంకె, 1,412 కేబీ, కనిపించింది. ఫోల్డరుకు ఆ గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది కదా అని పక్క గడి చూస్తే, ‘ఫైల్ ఫోల్డర్’ అని ఉండవలసిన చోట ‘అప్లికేషన్’ అని ఉంది. యాంటీవైరస్‌తో స్కాన్ చేయిస్తే ఏ ప్రమాదమూ లేదని చెప్పింది.

ఇక రెండో సంగతి. మా వీధిలో బి.టెక్. చదివే అబ్బాయి ఒకడు, తెలుగు టైపింగులో నేను మాటిమాటికీ వాడే మాటలు రెండు మూడు మీటలతోనే పడేలా, ఇలాంటి పనుల కోసమే ఉన్న ఆటోహాట్‌కీ అనే సాధనంతో చిన్న ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. ఆరు నెలలుగా దాన్ని వాడుతున్నాను. కొత్త మార్పులతో వాడు ఈమధ్య ఇచ్చిన కాపీని మాత్రం విండోస్ 11 కంప్యూటరులో వేయగానే డిఫెండర్ దాన్ని ట్రోజన్ (మంచిదానిలా నటించే చెడ్డ ప్రోగ్రాము) అని ప్రకటించి తీసి దాచేసింది. ఆ పేరు చివర ఆశ్చర్యార్థకం, దాని పక్కన ఎంఎల్ అనే రెండు అక్షరాలు ఉన్నాయి.

అనుమానం కలిగించేదాన్ని ఒక యాంటీవైరస్ మంచిదంటోంది, నాకు బాగా తెలిసినవాడు రాసినదాన్ని ఇంకొకటి చెడ్డదంటోంది. నేను దేని మాట వినాలి? కస్టమర్ల ఆధార్ నకళ్లు కూడా ఈ కంప్యూటర్లలో ఉంటాయి కాబట్టి, ఎవరికో ఫైళ్లు పంపి పరీక్ష చేయించడానికి మనసొప్పడం లేదు.

జవాబు: పాతమౌసు, అనంతపురం

నేను ఒక కళాశాల ల్యాబులో సిస్టములు చూసుకునే పనిలో ఉన్నాను. మీ మొదటి ఫైలు వంటివి ప్రతి పరీక్షల కాలంలోనూ మా దగ్గరికి వస్తాయి కాబట్టి దాని గురించే రాస్తాను.

ఆ ఫైలు విషయంలో యాంటీవైరస్ సాక్ష్యం మనకు అవసరమే లేదు. ప్రోగ్రాముకు ఏ బొమ్మ కనిపించాలో ఆ ప్రోగ్రాము రాసినవాడే నిర్ణయిస్తాడు, ఎందుకంటే బొమ్మ ఆ ఫైలు లోపలే ఉంటుంది. పసుపుపచ్చ ఫోల్డరు బొమ్మను ఒక ప్రోగ్రాముకు తగిలించడానికి మోసం తప్ప వేరే కారణం నాకు ఇంతవరకు కనిపించలేదు. పైగా రెండేళ్లుగా అప్‌డేట్ లేని యాంటీవైరస్ ‘ప్రమాదమేమీ లేదు’ అంటే, రెండేళ్ల కిందటి జాబితాలో ఈ ముఖం లేదని మాత్రమే అర్థం.

మీకు అది ఫోల్డరులా కనిపించడానికి ఇంకొక కారణం ఉంది. విండోస్ తనకు తెలిసిన ఫైళ్ల ఎక్స్‌టెన్షన్‌ను, అంటే పేరు చివర చుక్క తర్వాత ఫైలు రకం చెప్పే అక్షరాలను, మామూలుగా దాచిపెడుతుంది. అందువల్ల ‘పెళ్లి.ఈఎక్స్‌ఈ’ అనే ఫైలు మీ తెర మీద ‘పెళ్లి’ అనే కనిపిస్తుంది. 2000 మే నెలలో ప్రపంచాన్ని ఊపేసిన ‘ఐ లవ్ యూ’ వైరస్ కూడా ఈ అలవాటునే వాడుకుంది. పేరు చివర ‘టీఎక్స్‌టీ’ వరకే కనిపించేసరికి జనం దాన్ని మామూలు ప్రేమలేఖ అనుకున్నారు, దాని వెనుక దాగిన ‘వీబీఎస్’ను చూడలేదు. విండోస్ 11లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే వరుసలో వెళ్లి టిక్కు పెట్టండి. విండోస్ 7లో ఆర్గనైజ్ కింద ఉన్న ఫోల్డర్ ఆప్షన్లలో ‘హైడ్ ఎక్స్‌టెన్షన్స్’ అనే టిక్కు తీసేయండి. ఆ దగ్గరలోనే ఉన్న ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ టిక్కు కూడా తీసేస్తే, అసలు ‘పెళ్లి’ ఫోల్డరు కొంచెం వెలిసిపోయిన రంగులో బయటపడుతుంది. ఈ రకం వైరసు చేసే పని ఇదే: అసలు ఫోల్డరును సిస్టమ్ ఫైలుగా గుర్తు పెట్టి దాచేస్తుంది, అదే పేరుతో తాను కూర్చుంటుంది, మీరు నొక్కగానే ముందు తన పని కానిచ్చుకుని, తర్వాత దాచిన ఫోల్డరును తానే తెరిచి చూపిస్తుంది. అందుకే మీకు, పెద్దాయనకు అనుమానం రాలేదు. ఫొటోలకు ఏమీ కాలేదు, భయపడకండి. ఆట్రిబ్ కమాండుకు మైనస్ హెచ్, మైనస్ ఎస్ చేర్చి ఆ ఫోల్డరు మీద నడిపితే అది మళ్లీ మామూలుగా కనిపిస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. పాత కంప్యూటరుకు నెట్ కేబుల్ తీసేసి, ముందు నోట్‌ప్యాడ్ తెరవండి. దానిలో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుని, ఆ ఫైలును తెరవండి. నోట్‌ప్యాడ్ దేన్నయినా అక్షరాలుగా చదువుతుందే తప్ప నడపదు కాబట్టి దీనివల్ల హాని లేదు. పొరపాటున రెండుసార్లు నొక్కకుండా ఉంటే చాలు. తెర నిండా పిచ్చి గీతలే వస్తాయి. మీరు మొట్టమొదటి రెండు అక్షరాలు మాత్రం చూడండి. అవి ఇంగ్లిషు ‘ఎంజెడ్’ అయితే అది విండోస్ ప్రోగ్రామే, పేరు ఏదైనా, బొమ్మ ఏదైనా. నిజమైన పిడిఎఫ్ అయితే మొదట్లోనే శాతం గుర్తు, వెంటనే పీడీఎఫ్ అనే అక్షరాలు ఉంటాయి. జిప్ ఫైళ్లు, ఇప్పటి వర్డ్ ఫైళ్లు ‘పీకే’తో మొదలవుతాయి. శాసనం చెక్కిన శిల్పి చివర తన పేరు చెక్కుకున్నట్లు, ఎంజెడ్ అనేది ఆ ఫైలు పద్ధతిని రూపొందించిన మైక్రోసాఫ్ట్ ఇంజనీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలు. పీకే అనేది జిప్‌ను తయారుచేసిన ఫిల్ కాట్జ్‌వి.

జవాబు: బురుజు నీడ, కర్నూలు

మొదటి ఫైలు గురించి పాతమౌసు గారు చెప్పింది చాలు. రెండోది నూటికి తొంభై పాళ్లు తప్పుడు హెచ్చరికే అని నా ఉద్దేశం.

ఆ పేరు చివరి ఎంఎల్ అంటే మెషీన్ లెర్నింగ్. డిఫెండర్ ఆ ఫైలును ఫలానా వైరసుగా గుర్తుపట్టలేదు, దాని పోలికలు చూసి ‘ఇలాంటివి చెడ్డవిగా ఉంటాయి’ అని అంచనా కట్టింది. ఆటోహాట్‌కీతో తయారైన ప్రోగ్రాములకు ఈ కష్టం ఎక్కువ. ఆ అబ్బాయి రాసిన నాలుగు వరుసలతో పాటు ఆటోహాట్‌కీ మొత్తం ఒకే ఫైలులో మూటగట్టి ఉంటుంది, అదే మూటను వైరసులు రాసేవాళ్లూ వాడతారు. దానికి తోడు, మీరు నొక్కే ప్రతి మీటనూ ఆ ప్రోగ్రాము కనిపెట్టి ఉండాలి, లేకపోతే రెండు అక్షరాలను పూర్తి మాటగా మార్చలేదు. పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాము చేసేదీ సరిగ్గా అదే పని. బయటినుంచి చూసేవాడికి రెండింటికీ తేడా తెలియదు.

యాంటీవైరసులు ఇంతకన్నా పెద్ద పొరపాట్లే చేశాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ కంపెనీ విడుదల చేసిన అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణాధారమైన ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలునే వైరసుగా భావించింది. దానితో ఎన్నో దేశాల్లో కార్యాలయాల కంప్యూటర్లు ఆగి ఆగి రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి.

సందేహం తీరాలంటే వైరస్‌టోటల్ అనే వెబ్‌సైటులో చూడండి. 2004లో స్పెయిన్ దేశపు మాలగా నగరంలో మొదలైన ఈ సేవను 2012లో గూగుల్ కొనుక్కుంది. మీరిచ్చిన ఫైలును దాదాపు 70 యాంటీవైరసులు ఒకేసారి పరీక్షిస్తాయి. మీ భయం న్యాయమైనదే. అక్కడ ఎక్కించిన ఫైళ్లను వాళ్లతో ఒప్పందం ఉన్న భద్రతా సంస్థలు, పరిశోధకులు దించుకుని చూడగలరు కాబట్టి, కస్టమర్ల ఆధార్ నకళ్లను, బ్యాంకు కాగితాలను ఎంత అనుమానం ఉన్నా అక్కడ పెట్టకూడదు. అయితే ఫైలు పెట్టకుండానే వెతికే దారి ఉంది. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో 64 అక్షరాల వేలిముద్ర ఒకటి వస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. విండోస్ 11లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ అని, పక్కన ఫైలు పేరు ఇస్తే అది వస్తుంది. విండోస్ 7లో పవర్‌షెల్ పాతది కాబట్టి, కమాండ్ ప్రాంప్టులో సర్ట్‌యుటిల్‌కు మైనస్ హ్యాష్‌ఫైల్ చేర్చి, ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 ఇవ్వండి. ఆ 64 అక్షరాలను వైరస్‌టోటల్ వెతుకులాట పెట్టెలో వేస్తే, అదే ఫైలును ఇంతకుముందు ఎవరైనా పరీక్షించి ఉంటే ఫలితం కనిపిస్తుంది. మీ ఫైలు మీ దగ్గరే ఉంటుంది.

ఫలితాన్ని అంకెగా మాత్రమే చూడకండి. డెబ్బైలో మూడు నాలుగు, అవి కూడా ‘జెనెరిక్’, ‘హ్యూరిస్టిక్’ వంటి, ఫలానా వైరసని చెప్పని అంచనా పేర్లతో ఎర్రగా (చెడ్డదని) ఉంటే తప్పుడు హెచ్చరిక అయ్యే అవకాశం ఎక్కువ. పేరున్న యాంటీవైరసులు చాలావరకు ఒకే వైరసు పేరు చెబితే ఇక వాదన లేదు. ఎవరికీ తెలియని కొత్త ఫైలైతే సున్నా వచ్చినా నమ్మకూడదు.

జవాబు: వేరుశనగ, ధర్మవరం

ఇన్ని పరీక్షలు ఎందుకండీ, రెండూ డిలీట్ చేసి కంప్యూటరు ఫార్మాట్ చేసుకుంటే ఒక పూటలో తేలిపోతుంది కదా. ఇంకొక మాట, ఇప్పుడు పెళ్లి పత్రికలు వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లుగా కూడా వస్తున్నాయి. మా బంధువు ఒకాయన దాన్ని నొక్కి, అడిగినవాటికన్నింటికీ సరే అన్నాడు. అది ఫోనుకు వచ్చే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలు లాగేసింది. పత్రిక అంటే బొమ్మగానో, పిడిఎఫ్‌గానో, వీడియోగానో ఉండాలి. ఏపీకే అంటే అది ఫోనులో ఎక్కే ప్రోగ్రాము, దానికి పరీక్ష కూడా అక్కరలేదు. డబ్బు పోతే వెంటనే సైబరు నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

జవాబు: పాతమౌసు, అనంతపురం

వేరుశనగ గారూ, ఫార్మాట్ చేయవలసి రావచ్చు. కానీ ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోకుండా ఫార్మాట్ చేస్తే, మరునాడు అదే పెన్‌డ్రైవు మళ్లీ పెడతారు.

బురుజు నీడ గారి తొంభై పాళ్లతో నాకు చిన్న పేచీ ఉంది. ఆయన చెప్పిన కారణాలన్నీ సరైనవే, కానీ పాత కాపీ ఆరు నెలలు ఏ గొడవా లేకుండా నడిచిందని డీటీపీ గారు రాశారు. అదే అబ్బాయి, అదే ఆటోహాట్‌కీ, అదే డిఫెండర్. అలాంటప్పుడు ఈ కాపీని మాత్రమే ఎందుకు పట్టుకుంది? డిఫెండర్ కొత్త అప్‌డేట్ వల్ల కావచ్చు. ఇంకొక కారణం కూడా కావచ్చు. సాలిటీ, రామ్‌నిట్ వంటి వైరసులు వేరే ఫైలుగా ఉండవు. కంప్యూటరులో ఉన్న మంచి ప్రోగ్రాములకే తమను అతికించుకుంటాయి. ప్రోగ్రాము ఎప్పటిలాగే పనిచేస్తుంది, లోపల మాత్రం ఇంకొకరు కాపురం ఉంటారు.

అందుకని డీటీపీ గారిని ఒక్కటే అడుగుతున్నాను. ఆ కొత్త కాపీ మీ విండోస్ 11 కంప్యూటరుకు ఏ దారిన వచ్చింది? మధ్యలో పాత కంప్యూటరు తగిలిందా? ఆ అబ్బాయి కంప్యూటరులో ఉన్న అసలు ఫైలుకు వేలిముద్ర తీయమనండి, మీ దగ్గర ఉన్నదానికి మీరు తీయండి. రెండూ ఒకటే అయితే బురుజు నీడ గారిదే నిజం. వేరైతే దారిలో ఎవరో చెయ్యి పెట్టారు. అప్పుడు వైరస్‌టోటల్‌తో కూడా పనిలేదు, ఎందుకంటే అతికిన వైరసు వల్ల మీ కాపీ వేలిముద్ర ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. వెతికితే ‘దొరకలేదు’ అనే వస్తుంది, దాన్ని చూసి మంచిదేలే అనుకునే ప్రమాదం ఉంది.

డిజిటల్ సంతకం సంగతి ఎవరైనా అడిగే లోపే చెబుతాను. ప్రాపర్టీస్‌లో కనిపించే, ఫైలు ఏ కంపెనీదో చెప్పే ఆ సంతకం పెద్ద కంపెనీల ఫైళ్లకు పనికొచ్చే గుర్తే, కానీ వీధిలో కుర్రవాడు రాసిన ప్రోగ్రాముకు అది ఉండదు, లేనంతమాత్రాన నేరం కాదు. ఉన్నంతమాత్రాన అభయమూ కాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరసు రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల సంతకాలతోనే తిరిగింది.

ప్రశ్న అడిగినవారు: ఏడురోడ్ల డీటీపీ, కడప

మీరు చెప్పినవన్నీ నిన్న అంగడి మూసిన తర్వాత చేశాను. ‘పెళ్లి’ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి రెండు అక్షరాలు ఎంజెడ్. ఆ పిచ్చి గీతల మధ్య, ఈ ప్రోగ్రామును డాస్‌లో (విండోస్‌కు ముందటి పాత వ్యవస్థలో) నడపలేమని చెప్పే ఇంగ్లిషు వాక్యం ఒకటి స్పష్టంగా ఉంది. పాత కంప్యూటరుకు నెట్ తీసేశాను కాబట్టి, దాని 64 అక్షరాల వేలిముద్రను ఫోనుతో ఫొటో తీసి, కొత్త కంప్యూటరులో చూసి టైపు చేశాను. పదకొండేళ్ల డి.టి.పి. ఇలా అక్కరకు వచ్చింది. వైరస్‌టోటల్‌లో 58 ఎర్రగా వచ్చాయి, వాటిలో చాలావాటికి ఒకే పేరు, మొదటిసారి ఎవరో పరీక్షించి ఏళ్లు గడిచాయి. నా అంగట్లో మాత్రమే అది కొత్త.

రెండోదానికి పాతమౌసు గారు అడిగిన ప్రశ్న చదవగానే గుండె జారింది. అబ్బాయి కొత్త కాపీని తన పెన్‌డ్రైవులో తెచ్చాడు. ముందు తన ప్రాజెక్టు రికార్డు ప్రింటు తీయించుకోవడానికి ఆ పెన్‌డ్రైవును పాత కంప్యూటరులోనే పెట్టాను, తర్వాతే కొత్తదానిలో పెట్టాను. అది శుక్రవారం సాయంత్రం, పెద్దాయన వెళ్లిన రెండు గంటలకు. అబ్బాయి కంప్యూటరులో ఉన్న ఫైలు 1,208 కేబీ, పాత కంప్యూటరులోకి వేసుకున్న కాపీ 1,301 కేబీ. వేలిముద్రల్లో మొదటి అక్షరమే కలవలేదు. అనుమానం వచ్చి పాత కంప్యూటరులోని వేరే ప్రోగ్రాములు చూస్తే, ఏళ్లుగా ముట్టుకోనివాటికి కూడా మార్పు తేదీ శుక్రవారమే ఉంది.

అబ్బాయి తన అసలు ఫైలును తన కంప్యూటరునుంచే వైరస్‌టోటల్‌లో పెట్టాడు. నాలుగు ఎర్రగా వచ్చాయి, అన్నీ జెనెరిక్ పేర్లే, డిఫెండర్ వాటిలో లేదు. అంటే డిఫెండర్ పట్టుకున్నది అబ్బాయిని కాదు, మా పాత కంప్యూటరును. వాడి మీద ఒక పూట అనుమానపడ్డందుకు కాఫీ ఇప్పించాను.

జవాబు: బురుజు నీడ, కర్నూలు

నా తొంభై పాళ్లను వెనక్కి తీసుకుంటున్నాను. మీరు తారీఖు గుర్తుపెట్టుకోవడం మంచిదైంది.

ప్రోగ్రాములకు అతికే రకం కాబట్టి పాత కంప్యూటరును స్కాన్ చేసి శుభ్రం చేయాలని చూడకండి, కొత్తగా విండోస్ వేయించండి. పేజ్‌మేకర్ ఫైళ్లు, ఫొటోలు, పిడిఎఫ్‌లు తీసుకోండి; ఈఎక్స్‌ఈ ఫైలు ఒక్కటి కూడా తీసుకోకండి, ఇన్‌స్టాలర్లు సహా. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14నే చేతులెత్తేసింది కాబట్టి, పేజ్‌మేకర్ కోసం అది తప్పదనుకుంటే నెట్‌కు, బయటి పెన్‌డ్రైవులకు దూరంగా ఉంచి, ముందు కొత్త కంప్యూటరులో చూసిన ఫైళ్లను మాత్రమే దానిలోకి పంపండి. కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైటులో పెన్‌డ్రైవుల వాడకాన్ని అదుపు చేసే ‘యు.ఎస్.బి. ప్రతిరోధ్’ ఉచితంగా దొరుకుతుంది, అంగళ్లకు అది పనికొస్తుంది. శుక్రవారంనుంచి ఆ కంప్యూటరులో పెన్‌డ్రైవు పెట్టినవాళ్లందరికీ కబురు చేయవలసి ఉంటుంది, అదే కష్టమైన పని.

ప్రశ్న అడిగినవారు: ఏడురోడ్ల డీటీపీ, కడప

విండోస్ వేయించడం ఆదివారం అయిపోయింది. బిల్లు పుస్తకం చూసి, శుక్రవారం, శనివారం వచ్చినవాళ్లలో ఫోన్ నంబరు ఉన్న 23 మందికి ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. ఇద్దరు నా మీద కోప్పడ్డారు, ఒకరు పెన్‌డ్రైవు తెచ్చి ఎదురుగా శుభ్రం చేయించుకున్నారు. ఎనిమిది మంది నంబర్లు పుస్తకంలో లేవు. పెళ్లివారి పెద్దాయనకు చేస్తే, ఆ పెన్‌డ్రైవు ఆల్బమ్ ఫొటోల కోసం అప్పటికే ప్రొద్దుటూరులో ఒక స్టూడియోకు వెళ్లిందని చెప్పారు. ఆ స్టూడియో నంబరు తీసుకున్నాను, పొద్దున తొమ్మిదికి తెరుస్తారట.